మైల పడ్డ మైలేజీ

నేను నా నడుము కోసం కారు కొన్నాను. మావాళ్లు దాన్ని వడ్డాణం అనుకున్నారు.

కథంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. కానీ నేను రెండు ముక్కలతో ఆగే మనిషిని కాను.

నా పేరు మోహన్‌కుమార్. బెంగళూరు పీణ్యలో చిన్న లేత్ షెడ్డు ఉంది. పెద్ద కంపెనీల మిషన్లకు బుష్షులు తిప్పి ఇస్తాం. ఉండేది యలహంక పాతవూళ్లో. ఇంటి నుంచి షెడ్డుకు ఏళ్ల తరబడి మొదట స్కూటరు మీద, తరవాత మా సరుకు ఆటోలో ఎగిరెగిరి పడుతూ పోయాను. ఆ దారిలోని ప్రతి గుంతకూ నా వెన్నుపూసల్లో ఏదో ఒకదానితో సొంత పరిచయం ఉంది. చివరికి డాక్టరు నా వెన్ను స్కానింగు ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, "డిస్కు జారింది" అన్నాడు.

"డిస్కు జారితే పాట ఆగాలి కదా సార్? నాకేమో రాగాలు ఎక్కువయ్యాయి!" అన్నాను.

ఆయన నవ్వలేదు. "మంచి సీటున్న బండిలో తిరగండి. లేకపోతే తిరగడం మానేయండి," అన్నాడు.

నేను తిరక్కపోతే లేతు తిరగదు, లేతు తిరక్కపోతే ఇల్లు తిరగదు. అందుకని సీటు వెతికాను. గమనించండి, కారు కాదు, సీటు. నా తాహతుకు తగ్గ కొత్త కార్లన్నీ ఎక్కి కూర్చుని చూశాను. ఒక్కొక్క సీటూ బ్యాంకులో లోను అడగడానికి వెళ్లినప్పుడు కూర్చోబెట్టే కుర్చీలా ఉంది. చివరికి జయనగరలో ఒక పళ్ల డాక్టరు వాడి అమ్ముతున్న జర్మన్ బండి కనిపించింది. వయసు మళ్లిన లగ్జరీ కారు. పెద్దది, పొడుగైనది, ముత్యం రంగు. పళ్లకు క్లిప్పులు వేసినంత జాగ్రత్తగా చూసుకున్నాడు మహానుభావుడు. దాని పేరు మా ఆవిడ కళ్యాణికి నోరు తిరగదు, నాకు స్పెల్లింగు తిరగదు, బండి మాత్రం బ్రహ్మాండంగా తిరుగుతుంది.

"పాతది. దానికి తోడు దొరసాని బండి. ఏదన్నా పోతే సామాను యాడ తెస్తారు?" అని కళ్యాణి అడిగింది.

"జె.సి. రోడ్డులో మనిషి గుండె తప్ప అన్నీ దొరుకుతాయే!"

"మీకు అదొక్కటీ కొత్తది దొరికితే మేలు. పాతది మా అన్నని చూస్తే చాలు, వణుకుతాది," అంది.

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు.

మొదటిరోజు పొద్దున ఆ బండిలో పీణ్యకు వెళ్లాను. ఏం చెప్పమంటారు! ఆ సీటు నన్ను కూర్చోబెట్టుకోలేదు, ఎత్తుకుంది. ఎం.ఎస్. పాళ్య దగ్గర పెద్ద గుంత వచ్చింది, పోయింది. నాకు కబురు కూడా అందలేదు. గంగమ్మ సర్కిల్లో ఎప్పట్లాగే ట్రాఫిక్ ఆగిపోయింది. పక్కన బస్సులవాళ్లు, బైకులవాళ్లు ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. నేను అద్దం ఎక్కించి, నడుము కింద ఉన్న మీట నొక్కాను. సీటు లోపల్నుంచి ఎవరో అరచేత్తో వెన్ను నిమిరినట్టయింది. బెంగ ఉన్న ఊరు కాబట్టి ఇది బెంగళూరు అయిందని నేను ఎప్పుడూ అంటుంటాను. ఆ పొద్దున మాత్రం నాకు బెంగ లేదు, ఊరు మాత్రమే ఉంది.

షెడ్డు దగ్గర దిగితే మా లేత్ ఆపరేటరు ప్రసాద్ నన్ను ఎగాదిగా చూసి, "ఏం ఓనరూ, పొడుగు పెరిగినారా?" అన్నాడు. వంగిపోయిన నన్ను చూడ్డం అలవాటైనవాడు మరి.

అలా ఒక వారం గడిచింది. నా జీవితంలో స్వర్ణయుగం అంటే అదే. చరిత్రలో అన్ని స్వర్ణయుగాల్లాగే దాన్నీ ఒక దండయాత్ర ముగించింది.

దండ పట్టుకునే వచ్చాడు మా బావ. బంతిపూల దండ.

మా బావ దామోదర్ కళ్యాణికి అన్న. యలహంకలో శామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు అద్దెకిచ్చే వ్యాపారం. పెండ్లి కుదిరిందంటే పురోహితుడి కంటే ముందు మా బావకే తెలుస్తుంది. నేను ఆయన్ని బావా అంటాను, ఆయన నన్ను బావా అంటాడు. బావలు ఇద్దరం, భావాలు మాత్రం ఎప్పుడూ ఆయనవే.

"బావా, రేపు మన చిక్కజాల వాళ్ల పిల్ల పెండ్లి ఉండాది. పెండ్లికూతుర్ని నీ గాడీలో తీసుకొస్తామని మాటిచ్చేసినా," అన్నాడు, కారు చుట్టూ ప్రదక్షిణం చేస్తూ.

"రేపు నాకు షెడ్డుకు..."

"షెడ్డుకు ఈ గాడీలో పోతావా? థూ! ఇది షెడ్డుకు పొయ్యే గాడీనా అప్పా? ముత్యం మాదిరి ఉండాది! లగ్నానికి పొయ్యే గాడీ ఇది."

అప్పుడు తెలిసింది, మావాళ్ల లెక్కలో లగ్జరీ అంటే లగ్నానికీ జరీకీ పుట్టిన మాట అని.

మాలో ఒక ఆచారం ఉంది. పెండ్లికూతురి కోసం అడిగింది ఏదైనా లేదనకూడదు. పసుపు అడిగితే లేదంటామా? బండి కూడా అంతే. లేదంటే ఆ పిల్ల కాపురంలో ఏ చిన్న చిటపట వచ్చినా, "ఆ పొద్దు మోహన్‌కుమార్ గాడీ లేదన్నాడు కదా, అందుకే," అని మా పేరు చెప్పుకుంటారు. వచ్చే తరానికి కూడా చెప్పి పోతారు. కాబట్టి ఇచ్చాను.

ఇక మొదలైంది. వైశాఖంలో అన్నీ ముహూర్తాలే, జ్యేష్ఠంలో మిగిలినవి. మా బావ తన శామియానాతో పాటు నా కారునీ కలిపేశాడు. కుర్చీలకు, గుండిగలకు అద్దె. పెండ్లికూతురికి కారు ఉచితం! ఆయన వ్యాపారం శామియానా కన్నా ఎత్తుకు లేచింది. నా బండి మీద నా పేరు ఆర్‌సీలో తప్ప ఇంకెక్కడా లేదు. వెనక అద్దం మీద మాత్రం వారానికో జంట పేరు. బానెట్టు నిండా బంతిపూలు, తలుపుల నిండా టేపు మరకలు, సీటు సందుల్లో అక్షింతలు. సెకండ్‌హ్యాండ్ అని కొన్నాను కానీ, ఇప్పుడు దాని మీద ఎన్ని హ్యాండ్లు పడ్డాయో లెక్కే లేదు. బంధువులు ఎవరూ పరాయివాళ్లు కారు. అందరికీ కావలసింది కారు.

నేను? మళ్లీ సరుకు ఆటోలో, బుష్షుల పెట్టె పక్కన, నడుం పట్టుకుని.

అబద్ధాలు ఆడి చూశాను. బండి సర్వీసులో ఉందన్నాను. మా బావ తనకు తెలిసిన మెకానిక్కుని ఇంటికే పట్టుకొచ్చాడు. ఏసీ పని చెయ్యడం లేదన్నాను. పెండ్లికూతురి పక్కన చేతి ఫ్యాను పెట్టించాడు.

"నోరు తెరిచి లేదు అనలేరా?" అని కళ్యాణి కసిరింది.

"నేను లేదు అన్నా, మీ అన్న ఉంది అన్నాడే! అన్నాక ఏమంటాను?"

"ఈ ఆటలు నా దగ్గర కాదు, మా అన్న దగ్గర ఆడండి. ఆయన ముందర మీ నోరు కూడా సర్వీసుకు పోతాది," అంది.

ఒక సోమవారం ఏ పెండ్లీ లేదు. బండి నాది. ముహూర్తం చూడకుండా, వర్జ్యం చూడకుండా బయటికి తీశాను. మా వెనక సందు మలుపులో రామక్క అడ్డం వచ్చింది. రామక్క వాళ్లది కదిరి వైపు. కుటుంబమంతా ఇక్కడ బిల్డింగు పనులు చేసుకుంటున్నారు. ఆమె మామ, ముసలి మేస్త్రీ మల్లయ్య, మొన్ననే పోయాడు. ఆ పొద్దు మూడో దినం. శ్మశానానికి వెళ్లి పాలు పోసి, ఆయనకు ఇష్టమైనవి పెట్టి, కాకి ముట్టేదాకా చూసి రావాలి. మాట్లాడుకున్న ఆటోవాడు రాలేదట. చేతిలో గిన్నెలు, పక్కన నడవలేని అత్త.

"అన్నా, మా అత్త నడవలేకుండా ఉండాది. నీ కారులో..." అని ఆగిపోయింది. నా కారు వైపు చూసి, వెనక అద్దం మీద మిగిలిపోయిన థర్మోకోల్ గుండె బొమ్మ చూసి, "వద్దులేన్నా," అంది.

"ఎక్కించమ్మా," అన్నాను. ఆలోచించి అన్నది కాదు. పెండ్లికూతుళ్లకు లేదనని నోటికి ముసలమ్మకు లేదనడం అలవాటు లేదు, అంతే.

రాగిముద్ద, పులుసు, చెనక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి, ఒక బీడీ కట్ట, అన్నీ ఎక్కాయి. శ్మశానం గేటు లోపలి దాకా తీసుకెళ్లి వేపచెట్టు నీడలో ఆపాను. విస్తట్లో అన్నీ పెట్టారు. అందరం పక్కకు జరిగి కాకి కోసం ఎదురుచూస్తున్నాం. చూసినవాళ్లకు తెలుసు, ఆ ఎదురుచూపు ఎంత కష్టమో. కాకి రాకపోతే పోయినాయనకు ఇంకా ఏదో కోరిక మిగిలిందని అర్థం. ఒక్కో ఇంటివాళ్లు మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి, పోయినవాళ్లకు లేనిపోని మాటలన్నీ ఇచ్చి బతిమాలుకుంటారు.

మేం ఇలా జరిగామో లేదో, ఒక కాకి వచ్చి నా బానెట్టు మీద వాలింది. అటూ ఇటూ నడిచింది. తల వంచి తళతళలాడే రేకులోకి చూసుకుంది. టక్కున ఒకసారి పొడిచింది. నాకు గుండె కలుక్కుమంది. తరవాత తీరిగ్గా దిగి, నేరుగా ఊరుబిండి ముట్టింది.

రామక్క అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే నవ్వింది. "చూసినావా! కారు చూసి వచ్చినాడే ముసిలాయప్ప! బతికున్నప్పుడు ఒక్క తూరి కారెక్కల్యా."

వాళ్లను ఇంటి దగ్గర దింపి వస్తుంటే మా ఇంటి ముందు మా బావ నిలబడి ఉన్నాడు, చేతిలో పూలబుట్టతో. మర్నాడు ఎక్కడో నిశ్చితార్థం. పక్కన ఎదురింటి అరుగు మీద, మేం జగలి అంటాం, పాపక్క కూర్చుని ఉంది. పాపక్క మా వీధిలో అందరికంటే పెద్దది. పేరులోనే పాపా ఉంది, అక్కా ఉంది, చూడ్డానికి మాత్రం అవ్వ. పెండ్లికి పందిరి ఏ దిక్కున వెయ్యాలో, చావుకు స్నానం ఎప్పుడు చెయ్యాలో, రెంటికీ ఆమె మాటే చట్టం.

"యాడికి పోయొస్తాండావురా?" అంది పాపక్క.

"మల్లయ్య పాలకార్యానికి, అవ్వా."

"శ్మశానం లోపలికి పోయినావా?"

"వేపచెట్టు దాకా."

మా బావ డోరు హ్యాండిలు మీద పెట్టిన చెయ్యి, దోసెపెనం ముట్టుకున్నట్టు వెనక్కి లాగేసుకున్నాడు.

"స్నానం కూడా చెయ్యకుండా ఎక్కినావు, దిగినావు," అంది పాపక్క. "మైలరా ఆ బండి. శ్మశానం తొక్కొచ్చిన చక్రాలు. దాంట్లో పెండ్లికూతుర్ని కూచ్చోబెడితే నేనొప్పుకోను దామోదరా. బుట్ట వాపసు తీసుకుపో."

మా బావ బుట్ట తీసుకుపోయాడు.

నేను స్నానం చేసి, తల తుడుచుకుంటూ కిటికీలోంచి బండిని చూశాను. ఖాళీగా, ప్రశాంతంగా, నాదిగా ఉంది. మైల పడింది. మైలేజీ వచ్చింది.

"కళ్యాణీ," అన్నాను, "పెండ్లికి లేదనకూడదు, సరే. చావుకు మాత్రం లేదనచ్చా?"

"చావుకు ఎవురన్నా లేదంటారా! తప్పు కదూ?"

"అదే నేనూ అంటున్నాను."

అర్థం కావడానికి ఆమెకు ఒక్క క్షణం పట్టింది. తరవాత గరిటె అలాగే పట్టుకుని గోడకు ఆనుకుని నవ్వింది.

ఆనాటి నుంచి మా వీధిలో, వెనక సందులో, పాతవూరంతటా ఎక్కడ ఎవరు పోయినా మూడో దినం పొద్దున నా కారు వాళ్ల గుమ్మం ముందు ఉండేది. కులం చూడలేదు, గుణం చూడలేదు. ముసలివాళ్లను ఎక్కించుకుని, గిన్నెలు డిక్కీలో పెట్టుకుని, వేపచెట్టు కిందికి తీసుకెళ్లి, తిరిగి దింపి, స్నానం చేసి పీణ్యకు పోయేవాణ్ని. మిగతా రోజులన్నీ పొద్దున పీణ్య, సాయంత్రం యలహంక. దినాలకు పోయే బండి కాబట్టి దినదినం నాదే అయింది. నడుం నిటారైంది. మధ్యలో ఒకసారి కింది వైపు ఏదో గొట్టం చిట్లి ఆయిలు కారింది. జె.సి. రోడ్డులో వెతికితే దొరికింది, మళ్లీ పరిగెత్తింది. రోజూ తిప్పేకొద్దీ బండి కూడా నాలాగే కీళ్లు వదులై కులాసాగా ఉంది.

ఒక్కటే చిక్కు. నేను ఎవరినైనా "ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడిగితే చాలు, వాళ్ల ముఖం పాలిపోయేది. ఫ్లెక్సీ బోర్డుల దగ్గర బండి కాస్త నెమ్మదిస్తే, "ఏమన్నా, శ్రద్ధాంజలులు చదువుకుంటాండావా?" అని కుర్రాళ్లు కేకలేసేవాళ్లు.

అయితే అసలు సంగతి ఇంకోచోట జరుగుతోంది. ఎవరి దినానికి తీసుకెళ్లినా కాకి ముందు నా బానెట్టు మీదకే వచ్చేది. ఎంతసేపో కాదు, వచ్చి వాలేది, చూసుకునేది, పొడిచేది, పోయి విస్తరి ముట్టేది. పిల్లప్ప, రిటైరైన లారీ డ్రైవరు, ఒకసారి నాతో వచ్చి దీనికి కారణం చెప్పాడు. "అది నీ రేకులో దాని మొగమే చూసుకుని ఇంకో కాకి అనుకుంటాదప్పా. కొట్లాటకొస్తాది. వచ్చినాక అన్నం కనపడ్తాది." ఎవరూ వినిపించుకోలేదు. పాతవూళ్లో మాట వ్యాపించింది: ఆ ముత్యం రంగు కారు వస్తే కాకి ఆలస్యం చెయ్యదు. పోయినవాళ్లు తృప్తిగా పోతారు. షికారు వల్ల కాదు, పుకారు వల్ల నా కారుకు పేరొచ్చింది.

ఆ పిల్లప్పతోనే ఇంకోటి జరిగింది. తిరిగి వస్తూ ముందు సీట్లో కూర్చుని కనిపించిన మీటలన్నీ నొక్కాడు. అందులో ఒకటి సీటు వేడి చేసేది. జర్మనీ చలికి పెట్టింది, మన ఊళ్లో దానితో ఏం పని! కాసేపటికి పిల్లప్ప కంగారుగా పైకి లేవబోయి తల కొట్టుకున్నాడు.

"ఏమప్పా మోహనా! అప్పుడే కాలుస్తాండావే! నాకింకా టైముండాది!"

వెనక ముసలమ్మలిద్దరూ దినం నుంచి వస్తున్నామన్న సంగతి మరిచి పగలబడి నవ్వారు.

ఇంతలో స్వప్న పెండ్లి కుదిరింది. స్వప్న మా బావ ఒక్కగానొక్క కూతురు. జిగణిలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరు. పెండ్లికొడుకు సుధీర్ కూడా అక్కడే. మా బావ మగపెండ్లివాళ్లతో నా కారు గురించి సంబంధం మాటలప్పుడే గొప్పలు చెప్పేశాడు, అది పెండ్లిళ్లకు తిరిగే రోజుల్లో. ఇప్పుడు మాట తప్పలేడు, మైల బండి ఎక్కించలేడు.

ఆదివారం పొద్దున పాపక్క జగలి దగ్గర పెద్దవాళ్లను పిలిచి కూర్చోబెట్టాడు. కాఫీలు పంచాడు. నన్నూ కళ్యాణినీ రమ్మన్నాడు. స్వప్న కూడా వచ్చి గోడ వారగా నిలబడింది.

"ఈ బండికి పుణ్యాహం చేపిస్తా," అని మొదలుపెట్టాడు మా బావ. "హోమం చేపిస్తా. శుద్ధి అయినాక మా గోడౌన్లో పెట్టి బీగం వేస్తా. బయట ఎక్కడికీ పోకూడదు. నా బిడ్డ పెండ్లికి తీస్తా. ఆ తరవాత మనవాళ్ల పెండ్లిళ్లకంతా అదే గాడీ. పెండ్లిళ్లకు మాత్రమే. మనందరికీ ఒక గౌరవం కదప్పా? బావ షెడ్డుకు పోనీకి ఆటో ఉండనే ఉండాది."

నా నడుము ఆ మాట నా చెవుల కంటే ముందు విన్నది. బీగం వేసిన గోడౌను, దాంట్లో నా సీటు, బయట నేను సరుకు ఆటోలో, మిగిలిన బతుకంతా. పెండ్లి మాట వస్తే పెద్దవాళ్లు ఎటువైపు ఉంటారో నాకు తెలుసు. అందరూ తలలు ఊపుతున్నారు. కళ్యాణి నా మోచేతిని గట్టిగా గిల్లింది.

"మాట్లాడండి!"

నోరు తెరిచాను. ఎప్పుడూ నా నాలుక మీద క్యూ కట్టి నిలబడే శ్లేషల్లో ఒక్కటీ పలకలేదు. మామూలు మాటలు మాత్రమే వచ్చాయి.

"నాకు నడుము నొప్పి, బావా. ఆటోలో పోతే రాత్రికి పక్క మీద తిరగలేను. ఆ సీట్లో కూర్చుంటే నొప్పి ఉండదు. అందుకే కొన్నాను. నాకు రోజూ కావాలి. ఇవ్వను."

మా వంశంలో పెండ్లికి 'ఇవ్వను' అన్న మొదటి మనిషిని నేను. ఆకాశం వైపు చూశాను. అది పడలేదు.

మా బావ చేతులు తిప్పాడు. "చూసినారా? సొంత మేనకోడలికి! పాపక్కా, నువ్వు చెప్పు."

పాపక్క కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"గోడౌన్లో పెడితే ఎన్నాళ్లు పెడతావురా?"

"ముహూర్తాలప్పుడు తీస్తా. మిగతా దినాలన్నీ లోపలే. చిటికెడు దుమ్ము పడనీను."

"పిల్లప్పా, నువ్వు లారీ తోలినోడివి. నిలబెట్టిన బండి ఏమైతాది?"

"ఏమైతాది? బ్యాటరీ కూచుంటాది. టైర్లు చదునైతాయి. ఎలకలు వైర్లు కొరుకుతాయి. అదీ ఈ మాదిరి పెద్ద బండి అయితే నెలకు అలిగి పండుకుంటాది," అన్నాడు పిల్లప్ప.

"అంటే నేను ఆషాఢంలో పోతే?" అంది పాపక్క.

మా బావకు అర్థం కాలేదు. "నువ్వు యాడికి పోతావు పాపక్కా?"

"యాడికి పోతారురా ఈ వయసులో? మైసూరుకా?" పాపక్క గొంతు లేచింది. "ఆషాఢంలో ముహూర్తాల్లేవు. బండి నీ గోడౌన్లో పండుకుని ఉంటాది. నా మూడో దినానికి స్టార్టు కాదు. నా చెల్లెలు సొన్నమ్మకి మోకాళ్లు లేవు, అది నడిచొస్తాదా? కాకి రాదు. నేను చెట్టు మీద కూచుని ఉండాల్నా? మీరంతా కింద ఎండలో నిలబడి, 'పాపక్కా, నీకేం కావాల, నీకేం కావాల' అని అడిగితే నేనేం చెప్పాల? దామోదరుడి బీగం తీపియ్యండి అనాల్నా?"

అంతే, జగలి మొత్తం లేచింది.

"నాకూ ఆ బండే కావాల!" అన్నాడు పిల్లప్ప. "మా ఇంటోళ్లకు చెప్పి పెట్టినా."

"మా ఆయన దినానికి వస్తే కాకి ఎంత బిరీన వచ్చింది! నాకు వేరే బండి వద్దు తల్లీ," అంది నర్సమ్మ.

"లగ్నం ఒక పొద్దు తప్పితే ఇంకో పొద్దు పెట్టుకుంటారు. దినం తప్పితే మళ్లీ ఎవురు పెడతారప్పా?" అని వెనక నుంచి ఎవరో.

చూశారా, ఇన్నాళ్లూ నేను పెండ్లికూతుళ్ల చేతిలో ఓడిపోతున్నానని అనుకున్నాను. నా వెనక ఎంత పెద్ద సైన్యం చేరిందో నాకే తెలియదు. ఒక్కొక్కరూ తమ తమ దినానికి నా కారుని ఎప్పుడో ఖాయం చేసుకుని కూర్చున్నారు. పెండ్లి కావలసినవాళ్లు ఆ వీధిలో కొందరే. పోవలసినవాళ్లు అందరూ.

పాపక్క చెయ్యెత్తింది. సద్దు మణిగింది.

"వినండి. ఆ బండి పెండ్లికి పోదు. ఈ పొద్దు కాదు, ఎప్పుడూ కాదు. మోహనా, నువ్వు దాన్ని దినాం పీణ్యకు తోలాల. ఒక్క పొద్దు కూడా నిలబెట్టకూడదు. వాన గానీ, బంద్ గానీ. తోలతా ఉంటేనే మా టైముకు స్టార్టు అయితాది. తోలతానని చెప్పు."

"తోలతాను, అవ్వా."

"రేకు తుడస్తా ఉండాల. కాకికి మొగం కనపడాల."

"తుడుస్తాను."

డాక్టరు నాకు సలహా మాత్రమే ఇచ్చాడు. పాపక్క ఆజ్ఞ ఇచ్చింది. రోజూ నా లగ్జరీ కారులో షెడ్డుకు పోకపోతే తప్పు అని పదిమంది పెద్దల ముందు తీర్పు చెప్పించుకున్న మగాణ్ని బెంగళూరులో ఇంకొకణ్ని చూపించండి!

మా బావ ముఖం మాడిపోయింది. అప్పుడు స్వప్న గోడ దగ్గర నుంచి వచ్చి తండ్రి భుజం మీద చెయ్యేసింది.

"విడు నాయనా. నాకు ఆ కారు వద్దు. సుధీర్ ఇంటి ముందర దిగినాక రోజూ కంపెనీ బస్సే కదా ఎక్కేది? ఒక్క పొద్దుకు ఏదైతే ఏమి? మామకు నడుం నొప్పని నీకు తెలుసునా? నాకైతే తెలీదు."

"నాకూ తెలీదమ్మా," అన్నాడు మా బావ నెమ్మదిగా. నా వైపు తిరిగాడు. "ఇన్నాళ్లూ చెప్పలేదేమి బావా?"

"చెప్పాను. అన్నీ జోకులుగా చెప్పాను."

"అదే నీతో వచ్చిన బాధ," అన్నాడు. కానీ చేతిలో ఉన్న కాఫీ నాకిచ్చాడు.

స్వప్న పెండ్లి బాగా జరిగింది. అద్దె కారు పూలతో మెరిసిపోయింది. నా కారుని మంటపానికి చాలా దూరంలో నిలబెట్టి, పాపక్కను చెయ్యి పట్టి నడిపించుకుంటూ వెళ్లాం. కారు కొన్నాక మొదటిసారి నేను పెండ్లిలో కారు ఓనరుగా కాకుండా బంధువుగా భోంచేశాను. హోళిగలు రెండు వేయించుకున్నాను.

అప్పగింతలయ్యాక మా బావ కళ్లు తుడుచుకుంటూ నన్ను పక్కకు లాగాడు.

"బావా, ఒక మాట. నేను పోయినప్పుడు... మీ చెల్లెలు..." ఆయన భార్య పుట్టింటి వరసన నాకు చెల్లెలే అవుతుంది. "దానికి ఎండ పడదు. ముందు సీటు దానికి ఉంచుతావా?"

"నువ్వింకా చిన్నోడివి బావా. వెయిటింగ్ లిస్టులో ఉంటావు."

"తత్కాల్ లేదా?" అన్నాడు. ఇన్నేళ్లలో మా బావ నాకు ఎదురు వేసిన మొదటి చమత్కారం అది. ఇద్దరం మంటపం స్తంభం పట్టుకుని నవ్వాం. అప్పగింతల దగ్గర నవ్వుతున్నారేమని ఆడవాళ్లు తిట్టారు.

సోమవారం పొద్దున బండి తీశాను. జగలి మీద పాపక్క, పిల్లప్ప, నర్సమ్మ వరసగా కూర్చుని ఉన్నారు. ఈమధ్య అదొక అలవాటైంది వాళ్లకు. నేను స్విచ్చి నొక్కే సమయానికి మాటలాపి చెవులు ఇటు పెడతారు. ఇంజను ఒక్క పిలుపుకే పలికింది. పిల్లప్ప తలూపాడు, పాపక్క తమలపాకు నోట్లో పెట్టుకుంది, నర్సమ్మ చెయ్యి ఊపింది. ముగ్గురికీ నిశ్చింత.

సందు దాటి, ఎం.ఎస్. పాళ్య గుంతను తెలియకుండానే దాటి, గంగమ్మ సర్కిల్ చేరాను. ఎర్ర లైటు. దాని ముందు బస్సు, బస్సు ముందు లారీ, లారీ ముందు ఇంకో ఎర్ర లైటు. అటు పక్క ఎవరో హారను మీద పడి లేవడం లేదు. నేను సీటు ఇంకాస్త వెనక్కి వాల్చుకున్నాను.

పచ్చ లైటు దాని ఇష్టం వచ్చినప్పుడు రానీ. నేను ఈ బండి కొన్నదే కూర్చోడానికి.